చేయూపు దీప సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: తాకకు; చేయి ఊపు; వెలుగుతుంది.

ప్రతిపదార్థం: తాకకు = మీటను ముట్టవద్దు; చేయి = పిండి అంటినదైనా, తడిసినదైనా సరే, హస్తము; ఊపు = సెన్సారుకు నాలుగంగుళాల దూరంలో ఆడించు; వెలుగుతుంది = (కరెంటు ఉన్నచో అని అధ్యాహారం) దీపం ప్రకాశిస్తుంది.

తాత్పర్యం: మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరిది మన మెదక్ దగ్గరి కొల్చారం. ఆయన కంటితో చూస్తే, ఈ సూత్రానికి అమ్మేవాళ్లు తగిలించే 'కరెంటు ఆదా' అన్న మాట ప్రక్షిప్తమని ఇట్టే తేలుతుంది. సెన్సారు చేతికోసం రాత్రింబగళ్లు కాచుకుని ఉండాలి. కాపలాకూ కరెంటు కావాలి. అది అర వాటు అనుకున్నా రోజుకు 12 వాట్-గంటలు, ఏడాదికి నాలుగు యూనిట్ల పైచిలుకు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఆ కరెంటుతో రోజూ గంటా ఇరవై నిమిషాలు వెలుగుతుంది. అంటే రోజూ అంతసేపు లైటు ఆర్పడం మరచిపోయే మహానుభావుడికే ఇది గిట్టుబాటు. పైగా చేయూపు స్విచ్చు మతిమరుపుకు మందు కాదు. ఆర్పడానికీ చేయి ఊపాలి కదా!

'కదలికను పసిగట్టి తానే వెలిగి తానే ఆరేది ఉందిగా' అని పూర్వపక్షం. ఉంది. అదొక తార్కికుడు: ఎక్కడ వెచ్చని కదలికో అక్కడ మనిషి అని దాని వ్యాప్తి. ముందున్న కటకం గదిని పాయలుగా చీలుస్తుంది. ఒంటి వేడిమి ఒక పాయలోంచి మరోదానిలోకి జరిగితేనే దీపం. అందుకే పిల్లి వచ్చినా వెలుగు, జపానికి కూర్చున్న తాతగారికి చీకటి. మే నెలలో గోడలు ఒంటితో సమానంగా కాగినప్పుడు దాని చూపు ఇంకా మందగిస్తుంది. ఇన్ని దోషాలున్నవాణ్ణి హాల్లో కూర్చోబెట్టకూడదు. అయితే సైదాబాద్ అపార్ట్‌మెంట్ల మెట్ల దారిలో ఎవరూ జపం చేయరు. అక్కడ సాయంత్రం నుంచి తెల్లారిదాకా వెలిగే ఒక్క 9 వాట్ల బల్బు ఏడాదికి 39 యూనిట్లు తింటుంది. తార్కికుడికి తగిన కొలువు అదే.

పోనీ, చేయూపు శుచి కోసమంటారా? స్నానాలగది స్విచ్చు ముట్టనివారికీ గడియ ముట్టక తప్పదు. వంటింట్లో పిండి చేతులకు, వేళ్లు వంగని పెద్దవాళ్లకు మాత్రం చేయూపు నిజంగా ఉపకారమే. సూత్రం చెప్పిందీ అంతవరకే. ఒక విశేషం: కొన్ని పాత ఇళ్లలో లైటు మీటదాకా న్యూట్రల్ తీగ రాదు. అది అక్కర్లేని రకం బిగిస్తే సెన్సారు తన తిండిని బల్బు గుండానే లాక్కుంటుంది. ఆర్పేశాక కూడా ఎల్ఈడీ మినుకుమంటూ ఉండవచ్చు. ఈ సంగతి మూలకారుడు చెప్పలేదు. బిగించినవాడు చెబుతాడు గానీ, డబ్బులు జేబులో వేసుకున్నాక.