నేను అతుకుల బొంతను

నా బరువు దాదాపు 54 టన్నులు. నన్ను పూర్తిగా విప్పి పరచడం ఆఖరిసారి 1996 అక్టోబరులో, వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో జరిగింది. అప్పటినుంచి ఎక్కడికి తీసుకెళ్లినా కొంత కొంతగానే తీసుకెళుతున్నారు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం అయినవాళ్లు కుట్టిన సుమారు 50,000 గుడ్డలు, వాటి మీద లక్షా పది వేలకు పైగా పేర్లు, ఇదీ నా ఒళ్లు. ఇంత పెరిగినా నా మీద ఒక నింద అలాగే ఉండిపోయింది. జనం నన్ను చూసి కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోతారట, ఆ కన్నీళ్ల వల్ల ఒక్క మందుబిళ్ల కూడా రాలేదట. అందులో నిజమెంతో నా పుట్టుపూర్వోత్తరాలు వింటే మీకే తెలుస్తుంది. నా వాదన ముందే చెప్పేస్తాను. ఏడ్చే హక్కు కూడా దక్కనివాళ్లకు నలుగురిలో కూర్చుని ఏడ్చే వీలు కలిగించాను. ఆ వీలు ఏ ఉపన్యాసం వల్లా రాలేదు, సూదీ దారం వల్ల వచ్చింది.

1978లో శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ జార్జ్ మాస్కోనీని, నగర పాలక మండలి సభ్యుడు హార్వీ మిల్క్‌ని కాల్చి చంపారు. వాళ్ల జ్ఞాపకంగా ఏటా కొవ్వొత్తుల ఊరేగింపు జరిగేది. 1985 నవంబరు నాటికి ఆ ఊళ్లో ఎయిడ్స్ మృతులు వెయ్యి దాటారని తెలిసి, మిల్క్ శిష్యుడు క్లీవ్ జోన్స్ ఊరేగింపులోవాళ్లను తమవాళ్ల పేర్లు అట్టల మీద రాయమన్నాడు. వాటిని ఫెడరల్ భవనం గోడకు అంటించాక చూస్తే ఆ గోడ అచ్చం బొంతలా ఉంది. ఆ పోలిక తట్టడం యాదృచ్ఛికమే కావచ్చు, నిలబడిపోవడం మాత్రం కాదు. అమెరికాలో బొంత అంటే నాయనమ్మ చేతి పని. పెళ్లికో పురుడుకో ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ చేరి కుట్టేది. చావుకూ కుట్టేవారు. 1942లో అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లెలో మిస్సోరీ పెట్‌వే భర్త పోయాక అతని పొలం బట్టలు విప్పి బొంత కుట్టింది. ఆ బొంతను తర్వాత మ్యూజియాలలో వేలాడదీశారు. ఎయిడ్స్ మొదటి రోజుల్లో పోయినవాళ్లలో చాలామంది స్వలింగ ప్రేమికులు. ఎందరినో ఇంటివాళ్లే కాదన్నారు, జబ్బు పేరు దాచారు, కొన్నిచోట్ల శవాన్ని ముట్టుకోవడానికి కూడా మనుషులు దొరకలేదు. ఇల్లు వెలివేసినవాళ్లకు ఇంట్లో కప్పుకునే వస్తువే గుర్తుగా మిగలడం నా పుట్టుకలోని మొదటి వాదం.

నా మొదటి ముక్కను 1987లో జోన్స్ తన మిత్రుడు మార్విన్ ఫెల్డ్‌మన్ కోసం చేశాడు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అది గోతి కొలత అని అందరికీ తెలుసు. ఎనిమిది ముక్కలు కలిపి కుడితే పన్నెండడుగుల చదరం. మార్కెట్ వీధిలో ఒక గది తీసుకుంటే, కుట్టు మిషన్లు దాతలిచ్చారు. వచ్చినవాళ్లలో సూదిలో దారం ఎక్కించడం తెలియనివాళ్లూ ఉన్నారు. వాళ్లు తెచ్చిన సామాను చూడాలి: జీన్స్, తోలు, కర్టెన్లు, గుండీలు, కారు తాళాలు, క్రెడిట్ కార్డులు, ఆటబొమ్మలు, ఆఖరికి చితాభస్మం కూడా. ఇంత బరువును గుడ్డ మీద నిలబెట్టాలంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరు కుట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. పరామర్శకు వచ్చినవాడు ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. అప్పడాలు ఒత్తుకుంటూ కూర్చున్న ఆడవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. చూపు చేతిలో పని మీద ఉంటుంది, మాట తనంతట తాను వస్తుంది, రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కుట్టు నేర్పమని వచ్చినవాడు ఎవరి పేరు కుట్టాలో చెప్పక తప్పదు. చెప్పాక అది రహస్యం కాదు.

నేను అసలు బొంతనే కాదని కుట్టుపని తెలిసినవాళ్లు అంటారు. పై గుడ్డ, నడుమ దూది, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టినదే బొంత. నాలో దూది లేదు, కొన్నిచోట్ల కుట్టు బదులు జిగురూ రంగూ ఉన్నాయి. ఒప్పుకుంటాను. చలికి ఎవరూ నన్ను కప్పుకోరు కూడా. పోయినవాళ్లందరినీ దేవుళ్లను చేశానన్న మాట మాత్రం ఒప్పుకోను. రాయ్ కోన్ పేరిట వచ్చిన ముక్కను చూడండి. స్వలింగ ప్రేమికుడై ఉండి వాళ్ల మీదే విరుచుకుపడిన లాయరతను. ఆ గుడ్డ మీద రౌడీ, పిరికిపంద, బాధితుడు అనే అర్థమిచ్చే మూడు మాటలే ఉన్నాయి. కుట్టినవాళ్లకు అతని మీద కోపం తగ్గలేదు. అయినా మూడో మాటకూ చోటిచ్చారు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటి. 1992 అక్టోబరు 11న నన్ను వాషింగ్టన్‌లో పరిచిన రోజుల్లోనే, ఎయిడ్స్ మందుల కోసం పోరాడే ఆక్ట్ అప్ అనే సంస్థ ఉద్యమకారులు తమవాళ్ల చితాభస్మం తెచ్చి వైట్‌హౌస్ పచ్చిక మీద చల్లారు. అందమైన గుడ్డలు చావును చూడముచ్చటగా చేస్తాయని వాళ్ల కోపం. ఆ కోపం న్యాయమైనదే. జబ్బు గురించి తొలి ప్రభుత్వ నివేదిక 1981 జూన్‌లో వస్తే, అధ్యక్షుడు రీగన్ దాని మీద పూర్తి ప్రసంగం చేయడానికి 1987 మే దాకా పట్టింది. అధికారంలో ఉన్న అధ్యక్షుడు నన్ను చూడటానికి రావడం 1996లో క్లింటన్‌తోనే మొదలు. నా కన్నీళ్లు అధికారులను త్వరగా కదిలించాయని నేను చెప్పలేను. మందుల కోసం కొట్లాడిన ఘనత ఆక్ట్ అప్‌దే. అయితే దుఃఖం కోపాన్ని చల్లారుస్తుందన్న లెక్క నా విషయంలో తప్పింది. 1987 అక్టోబరు 11న 1,920 ముక్కలతో నన్ను మొదటిసారి పరిచింది స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం జరిగిన జాతీయ ప్రదర్శనలోనే. ఆ వారాంతంలో ఐదు లక్షల మంది చూశారు. మరుసటి ఏడాదికి నేను 8,288 ముక్కలయ్యాను. ఆ అక్టోబరులో నన్ను పరిచిన రెండు రోజులకే ఆక్ట్ అప్ మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయాన్ని ముట్టడించింది. జనం నా కోసం రాజధానికి వస్తారని తెలిసే ఆ తేదీ పెట్టుకున్నారు. ఏడవడానికి వచ్చినవాళ్లు అరవడానికీ ఆగారు.

నాలో లోటు లేదనను. నల్లజాతివాళ్ల మరణాల లెక్కకు, నాలో ఉన్న వాళ్ల పేర్ల లెక్కకు పొంతన లేదు. ఆ కొరత తీర్చడానికే నా పేరు పిలవండి అంటూ ఒక కార్యక్రమం పెట్టి వాళ్ల ముక్కలు కుట్టిస్తున్నారు. మొదటి రోజుల నుంచి నన్ను చూసుకుంటున్న గెర్ట్ మెక్‌మల్లిన్, 2020లో కరోనా వచ్చినప్పుడు నా కోసం దాచిన గుడ్డలతో మాస్కులు కుట్టింది. మందులు వచ్చేశాయి కదా, ఇక నువ్వెందుకు అనేవాళ్లకు ఒక్క మాట: 2023లో కూడా ప్రపంచంలో 6 లక్షల మందికి పైగా ఎయిడ్స్ సంబంధిత జబ్బులతో పోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అక్కడా జ్వరమనో టీబీ అనో చెప్పి దాచిన మరణాలు ఉండే ఉంటాయి. వివక్షను నిషేధిస్తూ 2017లో భారతదేశం చట్టం చేసింది. పోయినవాళ్ల పేరు పలకడం ఏ చట్టమూ చేయించలేదు, అది ఇంటివాళ్లే చేయాలి. మీవాళ్లెవరైనా ఉంటే నాకు ఒక ముక్క పంపండి. మూడడుగులు, ఆరడుగులు. కుట్టు చక్కగా రావాలన్న నియమం లేదు.