విత్తనం హైబ్రిడ్, వియ్యం దేశవాళీ

నడిగడ్డ పెద్దమనుషుల తెలివికి దండం పెట్టాలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ, గద్వాల చుట్టుపక్కల హైబ్రిడ్ విత్తనం కోసం పండించే సీడు పత్తి ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోతుంది. ఆ పంట దానంతటదే పండదు. సాయంత్రం పూట ఆడ చెట్టు దగ్గర వంగి, మర్నాడు విచ్చబోయే మొగ్గ ఏదో పసిగట్టి, గోటితో రేకులూ కేసరాలూ ఒలిచెయ్యాలి. తెల్లారాక మగ చెట్టు పువ్వు తెంపుకొచ్చి, ఆ పుప్పొడిని ఒలిచిన మొగ్గలకు ఒక్కొక్కదానికే అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. కేసరాలు సరిగ్గా తియ్యకపోతే విత్తనం శుద్ధి పరీక్షలో తప్పుతుంది, కంపెనీ లాటు వెనక్కి కొడుతుంది, రైతు మునుగుతాడు.

ఇంత సున్నితమైన పని ఎవరికి అప్పజెప్పారు? ఆడపిల్లలకు. వేళ్లు సన్నగా ఉంటాయని పైకి చెప్పారు, కూలి తక్కువని లోపల అనుకున్నారు. 2000 తర్వాతి ఏళ్లలో పరిశోధకులు వచ్చి చూస్తే, పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల సీడు పత్తి చేలల్లో బడి మానిన బాలికలే వరసలు కట్టి కనిపించారు. ఏ పువ్వును ఏ పువ్వుతో కలపాలో పదేళ్ల పిల్లకు బాగా తెలుసని నమ్మి చేను మొత్తం చేతిలో పెట్టారు. ఆ పిల్లకే ఇరవై రెండేళ్లు నిండి "ఫలానా అబ్బాయి నాకు నచ్చిండు" అంటే మాత్రం, "దానికేం ఎరుక, పసిపిల్ల" అంటారు. ఆడపిల్లకు వయసు ఇలా వెనక్కి నడవడం పాలమూరు గడ్డ మీదే సాధ్యం.

సంకరంతో దిగుబడి పెరుగుతుందని నడిగడ్డ రైతుకు ఏ శాస్త్రవేత్తా వచ్చి చెప్పనక్కర్లేదు. విత్తన కంపెనీ ఆర్గనైజరు అడ్వాన్సు ఇచ్చేదీ, బ్యాంకు అప్పు తీరేదీ, డాబా మీద డాబా లేచేదీ ఆ సంకరం పుణ్యాన్నే. ఆ డాబాలోనే కూతురి సంబంధం మాట వస్తే కులం, ఉపకులం, గోత్రం, ఇంటిపేరు, మూడు తరాల చుట్టరికం అన్నీ జల్లెడ పడతారు. విత్తనం హైబ్రిడ్ కాకపోతే కొనడు, వియ్యంకుడు దేశవాళీ కాకపోతే గడప తొక్కనియ్యడు.

వనపర్తిలో ఓ పెళ్లిచూపుల హాల్లోకి తొంగిచూద్దాం. ఫ్యాను కింద అబ్బాయి మేనమామ, ప్లేట్లలో మిర్చి బజ్జీలు, గోడకు టెన్త్‌లో పిల్లకు వచ్చిన మెమెంటో. పిల్ల గద్వాల చీర కట్టుకొని వచ్చి కూర్చుంటుంది. ఒళ్లంతా నూలు, నలుగురి కంట పడే అంచుకూ కొంగుకూ పట్టు. మన ఆధునికత కూడా అచ్చం ఆ చీర నేతే.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."

"మంచిది. వంట వస్తదా?"

యూనివర్సిటీ ఇచ్చిన పట్టా చాలదు, పప్పుచారు పట్టా కూడా కావాలి. అబ్బాయిని "గిన్నెలు తోముతవా నాయనా" అని అడిగిన పెద్దమనిషి ఇంకా తల్లి కడుపులోంచి ఊడిపడలేదు. ఆ తర్వాత అసలు ఘట్టం. పిల్ల నచ్చిందా అని అబ్బాయిని అడుగుతారు. అబ్బాయి నచ్చాడా అని పిల్ల తండ్రిని అడుగుతారు. "మా పిల్ల మా మాట దాటదు" అని ఆయన మీసం దువ్వుతాడు. పిల్ల తల దించుకుంటే ఒప్పుకున్నట్టు, తల ఎత్తితే పొగరున్నట్టు, ఏమీ అనకపోతే మౌనం అర్ధాంగీకారం. మిగతా సగాన్ని కట్నంతో పూడుస్తారు.

ఇదంతా పిల్ల ఇష్టప్రకారమే జరిగిందని శుభలేఖ పంచేటప్పుడు ఊరంతా చెబుతారు. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర టీ తాగుతూ, "ఈ ఫెమినిజం వచ్చినంక కాపురాలు నిలుస్తలేవు" అని నిట్టూర్చే అన్నలు ఇంకో మాట కూడా అంటారు: "ఇంటిపట్టున ఉండుడు మా ఇంటామెకే ఇష్టం. మీకేం నొప్పి?" నొప్పేమీ లేదన్నా. ఇంటిపట్టున ఉండటం నిజంగానే ఇష్టపడేవాళ్లున్నారు. పెద్దలు తెచ్చిన సంబంధమే హాయి అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లను వెక్కిరించే స్త్రీవాది ఎవరైనా ఉంటే ఆవిడకూ రెండు చీవాట్లు పడాల్సిందే. కానీ అది ఇష్టమో కాదో తేలేది ఆమె ఊ అన్ననాడు కాదు, ఊహూ అన్ననాడు.

ఊహూ అన్ననాడు ఏమవుతుంది? మొదట ఫోను పోతుంది. తర్వాత కాలేజీ పోతుంది. మేనత్త వచ్చి వారం రోజులు తిష్ఠ వేస్తుంది. అప్పటికీ వినకపోతే, పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా అటక మీంచి దిగి కన్నతల్లి చేతికొస్తుంది. "నువ్వు కాదంటే నేను తాగి సస్తా." ఇంకా ముందుకు పోయినవాళ్ల కథ 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడ ఆసుపత్రి గుమ్మంలో చూశాం. కులం కాని వాణ్ని చేసుకుందని, గర్భిణి అయిన కూతురి కళ్ల ముందే ఆమె భర్తను నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కాదన్నందుకు ఇన్ని వాయిదాల్లో మూల్యం చెల్లించాల్సిన చోట, తల ఊపిన పిల్లను చూపించి "చూశారా, స్వేచ్ఛ" అంటే నవ్వాలా, ఏడవాలా?

2025 జూన్‌లో గద్వాలలో కొత్తగా పెళ్లయిన ఓ యువకుడి హత్య జరిగింది. భార్యనూ, ఆమె తల్లినీ పోలీసులు అరెస్టు చేశారు. ఘోరమే, తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ ఆ వారం వాట్సాప్ గ్రూపుల్లో ఆడజాతి మొత్తానికీ చార్జిషీటు పడింది. పెళ్లంటేనే భయమేస్తోందని మగపిల్లలు మీమ్‌లు పెట్టారు. నేర గణాంకాల బ్యూరో లెక్కలో 2022 ఒక్క ఏడాదే దేశంలో 6,400కు పైగా వరకట్న చావులున్నాయి. అన్ని చావులు చూశాక కూడా, పెళ్లంటే భయమేస్తోందని ఆడపిల్ల అంటే "సినిమాలు ఎక్కువైనయ్" అనేది కూడా ఆ గ్రూపుల్లోని బాబాయిలే.

ఆడపిల్ల ఊహూ అనలేకపోవడం వెనక సంస్కృతి కన్నా సర్వే నంబర్లు ఎక్కువ పనిచేస్తాయి. ఎన్టీఆర్ హయాంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆస్తిలో కూతురికీ వాటా అన్నది. 2005లో కేంద్రం దేశమంతటికీ అదే చట్టం చేసింది. మన అన్నదమ్ములు అంతకన్నా పాత చట్టాన్నే నమ్ముకున్నారు: పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇక్కడో సంతకం పెట్టు చెల్లే. కట్నం 1961 నుంచీ నేరమే, అయినా రొక్కం లెక్కపెట్టి ఇస్తారు. వాటా చట్టబద్ధం, అయినా ఎగ్గొడతారు. నిలబడటానికి సెంటు నేల లేని పిల్ల ఏ ధైర్యంతో కాదంటుంది?

ప్రభుత్వమైనా ఆదుకుందా అంటే, 2014లో కల్యాణలక్ష్మి వచ్చింది. 51 వేలతో మొదలై 2018 నాటికి లక్షా నూటపదహార్లయింది. తులం బంగారం కూడా కలుపుతామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాటిచ్చింది. పద్దెనిమిది నిండితేనే చెక్కు అన్న షరతు మంచిదే. ఎందుకంటే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది లోపే పెళ్లి చేసుకున్నవాళ్లు. కానీ పెళ్లి చేసుకుంటే లక్ష ఇచ్చే సర్కారు, "ఇప్పుడొద్దు, చదువుకుంటా" అన్న పిల్లకు ఏ వేదిక మీద ఏ చెక్కు ఇచ్చింది? ఇద్దరూ ఇష్టపడి రిజిస్ట్రారు దగ్గరికి వస్తారా, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ముప్పై రోజుల ముందే వాళ్ల పేర్లను నోటీసు బోర్డు మీద అంటిస్తుంది. వెతుక్కునే శ్రమ లేకుండా బాబాయిలకు సర్కారు చేసిన సౌకర్యం అది.

ఇన్ని చెప్పినా, "మా దగ్గర ఆడదానికి ఉన్న గౌరవం ఎక్కడుంది?" అని దబాయిస్తారు. నిజమే. 2016లో కొత్త జిల్లా పుడితే అలంపురం జోగులాంబ పేరే పెట్టుకున్నారు. భర్త పోయాక సంస్థానాన్ని ఏలిన ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట గద్వాల కోటలోనే డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజావారు తల్లి పేరు మీద సరళాసాగర్ కట్టించారు. 2004 నుంచి వరసగా మూడుసార్లు గద్వాల ఓటర్లు డి.కె.అరుణను అసెంబ్లీకి పంపారు. రాణి రాజ్యం ఏలొచ్చు, అమ్మవారు జిల్లాను కాయొచ్చు, ఎమ్మెల్యే అసెంబ్లీలో గర్జించొచ్చు. రాణి పేరున్న కాలేజీలో చదివే పిల్ల మాత్రం మొగుణ్ని ఎంచుకోకూడదు. ఆ డిగ్రీ ఎందుకంటారా? సంబంధం బయోడేటాలో రాయడానికి.

నాగరికత నేర్పడానికి మనం అప్పుడప్పుడు నల్లమల ఎక్కుతుంటాం. అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, 1943లో అచ్చైన తన పుస్తకంలో చెంచు ఆలుమగలు సమాన హక్కులున్న జోడీ అని రాశాడు. నాగరికులమైన మనం ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ మెట్టు దగ్గరే ఆయాసపడుతున్నాం.

కాబట్టి పెద్దమనుషులారా, రానున్న లగ్గాల సీజన్‌కు మనవి. కట్నం మూటకు బదులు పిల్ల వాటా పెళ్లికి ముందే ఆమె పేర పట్టా చెయ్యండి. అబ్బాయి నచ్చాడా అని పిల్లనే అడగండి. నలుగురి ముందు కాదు, మేనత్త తలుపు సందులో లేనప్పుడు. వద్దంటే బజ్జీలు తిని, మంచినీళ్లు తాగి, చెప్పులు తొడుక్కొని లేవండి. కులం కాని వాడి పేరు చెబితే అదీ వినండి. ఆమె వద్దంటే వినే ఓపిక లేనివాళ్లకు, సరేనంటే దీవించే అర్హత కూడా లేదు. ఆ అక్షింతలు కింద పెట్టండి.