గిరీశం తరఫువాళ్లు

సొంతంగా ఒక కథ రాసి చూపించండి, ఎవరూ పట్టించుకోరు. "బాగుందండీ" అని రెండో రోజే తిరిగిచ్చేస్తారు. అదే కన్యాశుల్కంలోంచి గిరీశాన్ని పట్టుకొచ్చి కథలో పెట్టండి, అప్పుడు తెలుస్తుంది. ఎన్నడూ నమస్కారానికి ప్రతినమస్కారం చెయ్యని పెద్దమనిషి కూడా మూసుకోబోతున్న లిఫ్టు తలుపుకు చెయ్యడ్డం పెట్టి, "గిరీశం చేత ఆ మాట అనిపించకుండా ఉండాల్సిందండీ" అంటాడు.

అభిమాన రచన అనేది ఒక జబ్బు, నాకుంది. పుస్తకమో సినిమానో అయిపోయాక అందులో మనుషుల్ని ఇళ్లకు పోనివ్వకుండా ఇంకాసేపు కూర్చోబెట్టడం దాని లక్షణం. గురజాడవారు నాటకం చివర బుచ్చమ్మను పూనా పంపే ఏర్పాటు చేశారు, మధురవాణి చేతికి భగవద్గీత ఇప్పించారు, గిరీశాన్ని మాత్రం నట్టేట వదిలేశారు. అంత నోరూ అంత ఇంగ్లీషూ ఉన్నవాడు ఆ తర్వాత ఊరుకుని ఉంటాడా? ఆ దిగులుతోనే మా కాలనీ లిఖిత పత్రిక ఉగాది సంచికకు ఒక కథ రాశాను. గిరీశం అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ సెంటరు పెడతాడు. శిష్యుడు వెంకటేశం రిసెప్షన్‌లో కూర్చుని ఫీజులు వసూలు చేస్తుంటాడు.

ఇదేదో పనిలేనివాళ్ల పని అనుకోకండి. మన భాషలో దీనికి మూలపురుషుడు ఎర్రాప్రగడ. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, 14వ శతాబ్దంలో ఆయన అందుకుని పూర్తిచేశాడు. నన్నయ ధోరణిలో ఎత్తుకుని, చదివేవాడికి కుదుపు తెలియకుండా తిక్కన ధోరణిలోకి దించాడు. పైగా ఆ భాగాన్ని అంకితమిచ్చింది తన కాలపు రాజుకు కాదు, 11వ శతాబ్దంలో నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే. పోయి రెండు మూడు వందల ఏళ్లయిన కృతిభర్త! విమర్శ వినే బాధ లేకుండా ఇంతకన్నా భద్రమైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. శశిరేఖ సంగతీ అంతే. వ్యాసభారతంలో ఆ పిల్ల లేదు, అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్లి. ఏ అభిమానికి మనసొప్పలేదో గానీ బలరాముడికి ఒక కూతుర్ని పుట్టించాడు. నాటకాలయ్యాయి, 1957లో 'మాయాబజార్' వచ్చింది. ఇప్పుడు వ్యాసుడే వచ్చి శశిరేఖ పెళ్లి జరగలేదన్నా మనం ఒప్పుకోం.

నేను గమనించిందేమిటంటే, ఇంకొకరి పాత్రను మన కథలోకి తెచ్చుకోవడం ఇంటికి కోడల్ని తెచ్చుకోవడం లాంటిది. పుట్టింటివాళ్లు వస్తారు. పిల్ల చిక్కిపోయిందంటారు. వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూస్తారు. మిమ్మల్నెవరు రమ్మన్నారని అడగడానికి లేదు, పిల్లను తెచ్చుకున్ననాడే పిలిచినట్టు లెక్క. మన సొంత పాత్రలకు ఈ బెడద లేదు. పాపం, వాటికి నా అన్నవాళ్లు లేరు.

గిరీశం తరఫున మా ఇంటికి మొదట వచ్చింది రిటైరైన తెలుగు మాస్టారు. విజయనగరంలో బొంకులదిబ్బ చుట్టుపక్కలే పెరిగారు కాబట్టి గిరీశం ఆయనకు వరసకు ఏదో అవుతాడు. చదువుతానని పట్టుకెళ్లిన జెరాక్సు కాయితాలు ఎర్రబడి తిరిగొచ్చాయి. ఒకచోట మార్జిన్‌లో ప్రశ్నార్థకం, ఇంకోచోట జంట ఆశ్చర్యార్థకాలు. 'సిగరెట్టు వెలిగించాడు' అన్న దగ్గర సిగరెట్టును కొట్టేసి, పైన 'చుట్ట' అని గుండ్రంగా రాసి, కింద రెండు గీతలు గీశారు. మూడో పేజీలో వెంకటేశం పెద్ద డైలాగు చుట్టూ కాఫీ గ్లాసు అడుగు ముద్ర ఉంది. అది వ్యాఖ్యానమో ప్రమాదమో తేలలేదు.

"గిరీశం సిగరెట్టు కాల్చడం ఏటండీ?" అన్నారు, కుర్చీలో కూర్చోకముందే.

"హైదరాబాదు వచ్చేశాడు కదా మాస్టారూ, అమీర్‌పేటలో చుట్టలెక్కడ దొరుకుతాయని..."

"సరే, సిగరెట్టే కాల్చమనండి. మీ కథలో బడ్డీకొట్టువాడికి డబ్బులిచ్చాడు. గిరీశం డబ్బులిచ్చి కాలుస్తాడేటండీ? అక్కడే తెలిసిపోయింది, ఈయనెవరో వేరే గిరీశం అని."

నాకు ఒళ్లు మండింది. అంత మంచి మాట నా కథలో ఉండాల్సింది, ఆయన నోట్లో ఉంది.

మాస్టారి గిరీశమైనా పుస్తకంలోంచి వచ్చినవాడు. మూడో అంతస్తు పిన్నిగారి గిరీశం 1955 సినిమాలో ఎన్టీఆర్. అంతటివాడు పాన్‌డబ్బా ముందు నిలబడితే జనం మూగకుండా ఎలా ఉన్నారని ఆవిడ సందేహం. కాలనీ సెక్రటరీగారు జె.వి. రమణమూర్తిని స్టేజీ మీద గిరీశంగా చూసినవారు. నా కథ చదివి ఒక్క మాటా అనలేదు, కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపారు. నాకు తెలిసి అన్నిటికన్నా పొడుగైన విమర్శ అదే.

మన పాత కవులు ఈ విషయంలో ముందుచూపు ఉన్నవాళ్లు. కావ్యం ఎత్తుకోగానే కుకవినింద పేరుతో నాలుగు పద్యాలు పడేసి ముందస్తు బెయిలు తెచ్చుకునేవారు. ఇప్పుడా బెయిలు విమర్శించేవాడు తెచ్చుకుంటున్నాడు. "ఏమీ అనుకోనంటే ఒక మాట" అంటాడు. అనుకుంటానని ఇంతవరకు ఎవరైనా అన్నారా? "నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు గానీ" అని మొదలెడితే అవతలివాడు భోజనం వాయిదా వేసుకోవాలి. "ప్రయత్నం బాగుంది" అన్నాడంటే కథ పోయినట్టే, పరామర్శకు వచ్చాడు. పుచ్చుకునేవాడి వైపునా ఇలాంటివున్నాయి. "నిర్మొహమాటంగా చెప్పండి" అని కాయితాలిస్తాం, ఇస్తూనే ఆయన మొహంలో మొహమాటం కోసం వెతుకుతాం. "మీలాంటివాళ్లు చెబితేనే కదండీ" అని పళ్లు బిగించి నవ్వుతాం. అంతవరకు పర్వాలేదు. "అసలు నా ఉద్దేశం ఏమిటంటే" అని మాత్రం మొదలెట్టకూడదు. అలా అన్నామంటే మాస్టారికి ఇంకో ఎర్రపెన్ను కొనిచ్చినట్టే.

చెప్పేవాడి కష్టమూ తక్కువది కాదు. బేతాళుడు విక్రమార్కుడికి పెట్టిన షరతే వాడికీ ఉంది. తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది. చెబితే రాసినవాడు వెళ్లి చెట్టెక్కుతాడు. నాకు అనుభవమే. 2015 జూలైలో 'బాహుబలి' మొదటిభాగం వచ్చాక, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో చెబుతూ మా మేనల్లుడు లాంగ్ నోట్‌బుక్కు నిండా రాసి తెచ్చాడు. "మామయ్యా, నిజం చెప్పాలి" అన్నాడు. వాడి కథలో కట్టప్ప పశ్చాత్తాపంతో ప్రాణత్యాగం చేసుకున్నాడు. బాగానే ఉంది గానీ, సినిమాలో ఈ సంగతంతా ముసలి కట్టప్పే కదా కూర్చుని చెబుతున్నాడు! గుర్రాలు సముద్రం మీద పరిగెత్తడం, దేవసేన ఒకే రోజు రెండు ఊళ్లలో ఉండడం నేను చూడనట్టే ఊరుకున్నాను. కట్టప్ప బతికున్నాడ్రా అని మాత్రం చెప్పాను. వారం రోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

అసలు దెబ్బ నేను కొట్టింది కాదు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం విడుదలైంది. ఆ దెబ్బకు దేశంలో ఇంకెన్ని నోట్‌బుక్కులు పోయాయో. అడగని విమర్శల్లో అన్నిటికన్నా నిర్దయగా ఉండేది, అసలు రచయితే వచ్చి జవాబు చెప్పెయ్యడం. వాడు మాత్రం హాల్లోంచి బయటికి రాగానే, "నాదే బాగుంది మామయ్యా" అన్నాడు. నిలదొక్కుకునే రచయిత లక్షణమంటే అది.

ఇక మాస్టారి సంగతి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకరుంటారు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టేలా మధ్యమధ్య అడ్డుమాటలు వెయ్యడమే ఆయన ఉద్యోగం. చివర్లో ఆయనకూ శాలువా కప్పుతారు. విమర్శకుడికి గౌరవంగా కుర్చీ వెయ్యడం మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఉగాది సాయంత్రం కాలనీ హాల్లో కథలు చదివే కార్యక్రమంలో ఆ పదవి మాస్టారికిద్దామని నేనే అన్నాను. శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టాం. కథ తిరగరాసి, ఆయనకోసం మధ్యలో ఒక ఎర కూడా వేశాను. గిరీశం సిటీబస్సెక్కి తన జేబులోంచి డబ్బు తీసి టిక్కెట్టు కొంటాడు. అక్కడ కావాలనే ఆగి, గ్లాసెత్తి మంచినీళ్లు తాగి, మాస్టారి వైపు చూశాను. ఉలుకూ పలుకూ లేదు. శాలువా సర్దుకున్నారు. ఆఖర్న మైకిస్తే "చాలా చక్కగా రాశారు, శుభం" అని కూర్చున్నారు.

పులిహోర పంచుతుంటే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు మాస్టారు.

"ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. ఆ బస్సు టిక్కెట్టు వెంకటేశం చేత కొనిపించాల్సింది."

"గిరీశం టిక్కెట్టు కూడానా మాస్టారూ?"

"గిరీశానిదేనండీ. వెంకటేశం నడిచొస్తాడు."