థర్మాకోల్ పొలంలో స్మార్ట్ సేద్యం

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్ట్ ఎక్స్‌పోకు వెళ్లినా స్మార్ట్ సేద్యం కనబడి తీరుతుంది. థర్మాకోల్ షీటు మీద ఆకుపచ్చ కాగితం పరిచి, మధ్యలో ఒక పూలకుండీ పెట్టి, అందులో రెండు కాళ్ల తేమ సెన్సర్ గుచ్చుతారు. పక్కన ఆర్డుయినో బోర్డు, రిలే, ఐదు వోల్టుల బుల్లి పంపు, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు. మట్టి ఎండితే పంపు తిరుగుతుంది, తడిస్తే ఆగుతుంది. ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు. జిల్లా రైతు కష్టం ఆ పూటకు తీరిపోతుంది. మరుసటి ఏడు కొత్త బ్యాచ్ వచ్చి అదే కష్టాన్ని మళ్లీ తీరుస్తుంది. ఇన్నిసార్లు తీరిన కష్టం ఇంకా పొలంలోనే ఎందుకుందని మాత్రం ఎవరూ అడగరు.

ఆ సెన్సర్‌ను తడిమట్టిలో ఉంచి కరెంటు ఇస్తూ పోతే దాని లోహపు పూత కరిగిపోతుంది, ఆ తర్వాత అది చెప్పేవన్నీ అబద్ధాలే. ఎక్స్‌పో ఒక్క పూటే కాబట్టి గుట్టు బయటపడదు. పోనీ, సెన్సర్ నూరేళ్లు బతికిందనుకుందాం. పలమనేరు, కుప్పం వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. మట్టి తడిసిందో లేదో రైతుకు కాలి బొటనవేలు చెబుతుంది; ఆ కబురు ఫోనుకు మెసేజీగా రావాలని అతను ఏ దేవుడికీ మొక్కుకోలేదు. కరెంటు రాగానే మోటారు ఆడటానికి ఆటో స్టార్టర్ ఎప్పుడో పెట్టుకున్నాడు. ఫోను చేస్తే మోటారు వేసే స్టార్టర్లూ అంగళ్లలో దొరుకుతున్నాయి. అతని దిగులు వేరే. బోరులో నీళ్లు తగ్గి మోటారు వట్టిగా తిరిగి కాలిపోతే, దాన్ని అంత లోతు నుంచి పైకి లాగి వైండింగ్ చేయించడానికి అప్పు ఎక్కడ పుడుతుందని. ఈ సంగతి తెలియడానికి ఐఓటీ అక్కర్లేదు, ఒక బస్సు టికెట్ చాలు.

అలాగని వాడేవాడి దగ్గరికి వెళ్లమనే పాఠం లేదా అంటే, ఉంది. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్-23 సిలబస్‌లో రెండో ఏడాదే ‘డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్’ పెట్టారు. వాడేవాడి బాధ తెలుసుకో, సమస్య తేల్చుకో, ఉపాయాలు వెతుకు, నమూనా చెయ్యి, పరీక్షించు అని ఐదు దశలు. మంచి పాఠమే. నేర్పే తీరే ముచ్చటైనది: ఐదు దశలనూ బొమ్మ గీసి వివరిస్తే మార్కులు. అలిపిరి మెట్లు 3,550 అని బస్సులో కూర్చుని అప్పజెప్పితే నడిచి కొండెక్కినట్టేనా? నిజానికి నమూనా అంటే ఏమిటో పిల్లలకు మొదటి ఏడాది ఫిట్టింగ్ షాపులోనే తెలుస్తుంది. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి, ఆకురాయితో అరగదీసి, రెండు ముక్కల్నీ జత చేసి వెలుతురుకు ఎత్తి పడతారు. సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ వైస్ దగ్గరికే. అక్కడ మార్కులు వేసేది ఇనుప ముక్కే, పీపీటీ పప్పులు ఉడకవు. నాలుగో ఏడాదికి ఆ ఇంగితమంతా ఆవిరైపోయి, నమూనా కన్నా బంగారు అక్షరాల బైండింగ్ ముఖ్యమవుతుంది. బోర్డు, కోడు, రిపోర్టు, చివరికి వైవా జవాబులు కూడా కలిపి ప్యాకేజీగా అమ్మే ప్రాజెక్ట్ సెంటర్లు బతికేది ఇందుకే.

ఇక పేటెంట్ల ఫ్లెక్సీలు. ‘ఇన్ని పేటెంట్లు పబ్లిష్డ్’ అని గేటు ముందు కడతారు. మన చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టిన 18 నెలలకు దాదాపు ప్రతిదీ దానంతటదే ప్రచురితమవుతుంది. ఫారం-9తో ఫీజు కడితే ఇంకా ముందే. అందులో కొత్తదనం ఏమైనా ఏడ్చిందా అని చూడటానికి వేరే దరఖాస్తు, వేరే ఫీజు. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు. తగ్గించింది ఆవిష్కరణల కోసం, బాగుపడింది ఫ్లెక్సీ ప్రింటర్లు.

కాపీతోనే కదా విద్య మొదలయ్యేది అంటారు. నిజమే, లైన్ ఫాలోయర్ రోబో చేస్తే చేతికి సోల్డరింగ్ అలవాటవుతుంది. చేయనివ్వండి, అభ్యాసం అనండి. ఆవిష్కరణ అని శాలువా కప్పకండి. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కోడింగే అడుగుతారంటారు. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో జిగ్గులూ ఫిక్చర్లూ ఎవరో ఒకరు గీయాలి కదా, ఆ ఒకరు మన పిల్లలెందుకు కాకూడదు? ఇక డబ్బుల్లేవు, ల్యాబుల్లేవన్న మాట. ఆలేరు దగ్గరి శారాజీపేట నేత కార్మికుడు చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పి నూలు ఆసు పోసే అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెడితే, 1999కి గానీ పూర్తి కాలేదు. మధ్యలో డబ్బులైపోయి హైదరాబాద్‌లో పనికి కుదిరారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దగ్గర త్రీడీ ప్రింటర్ లేదు, ఇంక్యుబేషన్ సెంటర్ లేదు. యంత్రం వాడాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. మన పల్లెల్లో చింతపండు కొట్టి గింజ తీసే ఆడవాళ్లూ దూరంగా ఏమీ లేరు. ఏడేళ్లు ఎవరూ ఇవ్వలేరు, సరే. ఒక సెమిస్టరులో మూడు నమూనాలు చేసి, మూడుసార్లూ ఆ ఆడవాళ్ల చేత తిట్లు తినలేరా?

అయ్యా, జడ్జిలుగా వెళ్లే పెద్దలూ! బొకే తీసుకోండి, శాలువా కప్పించుకోండి, భోజనం చేయండి. మార్కులు వేసే ముందు మాత్రం ప్రతి జట్టునూ పాడైపోయిన మొదటి నమూనా చూపించమనండి. చూపలేని జట్టుకు సున్నా వేయండి.