శతకోటి అవకాశాలు, ఒక పనీరు సీకు

బెంగళూరు శివారు యలహంకలో రెండేళ్లకోసారి జరిగే ఏరో ఇండియా విమాన ప్రదర్శనకు 2023లోనూ, 2025లోనూ ఒకే నినాదం తగిలించారు: శతకోటి అవకాశాలకు రన్‌వే. దేశ జనాభాలోంచి ముసలీ ముతకనీ, చంటిపిల్లల్నీ తీసేస్తే మిగిలేది దాదాపు అంతే. అంటే పని చేయగల ప్రతి మనిషికీ తలా ఒకటి చొప్పున లెక్క కట్టి మరీ పంచారన్నమాట. మా శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి కుర్రాళ్ల వాటా కూడా వాళ్లకి అందింది. నెత్తిన కాగితం టోపీ, నడుముకి నల్ల ఏప్రన్, చేతిలో పట్టకారు, ఎదురుగా భగభగమండే గ్రిల్లు. పనీరు ముక్కలు మాడకుండా తిప్పాలి. శతకోటి లింగాల్లో ఇదో బోడిలింగం.

ఆ పని చెడ్డదని నేననను. నా గొడవంతా దాన్ని రాసుకునే పద్దుతో. ఏ పెద్ద సంబరం జరిగినా చివర్లో ఒక ప్రకటన వస్తుంది: ఇన్ని వేల మందికి ప్రత్యక్షంగా, అంతకు రెండింతల మందికి పరోక్షంగా ఉపాధి దొరికిందని. పరోక్షంగా తిన్నవాడికి కడుపు ఎలా నిండుతుందో తెలీదు గానీ, అంకె మాత్రం నిండుగా ఉంటుంది. ఆ అంకెలో మా కుర్రాడు ఉన్నాడు. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లున్నాడు. అదెలాగో తర్వాత చెబుతాను.

ముందు ప్రదర్శన సంగతి. 1996లో మొదలైన ఈ విమానాల తిరునాళ్లు 2025లో ఫిబ్రవరి 10 నుంచి 14 దాకా సాగాయి. 90 దేశాల వాళ్లొచ్చారు. 900కి పైగా సంస్థలు దుకాణాలు తెరిచాయి. అమెరికా ఎఫ్-35, రష్యా ఎస్‌యు-57 ఒకే మైదానంలో కనపడటం అదే మొదలని పేపర్లన్నీ రాశాయి. మొదటి మూడు రోజులూ కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ, చివరి రెండు రోజులూ టిక్కెట్టు కొనుక్కున్న జనానికి. ఎంత యుద్ధ విమానం చూసినా మధ్యాహ్నం ఒంటిగంటకి మనిషికి ఆకలేస్తుంది. అక్కడే శ్రీకాకుళం జిల్లాతో పని పడుతుంది.

పిలుపు వాట్సాప్‌లో వస్తుంది. "ఈవెంట్ పని. తిండీ పడకా ఫ్రీ. విమానాలు దగ్గర్నుంచి చూడొచ్చు." మూడో వాక్యమే అసలు ఎర. మా ఉద్దానం తీరపు కుర్రాడు కూలి ఎంతని అడగడం మర్చిపోయేది దాన్ని చూసే. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు టెక్కలి ఏజెంటుకిచ్చి, పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కుతాడు. ప్రదర్శన జరిగేది వైమానిక దళం స్థావరంలో కాబట్టి మెడలో పాసు వేస్తారు. ఆ పాసుతో తీసుకున్న సెల్ఫీ కాశీబుగ్గలో మిత్రులందరికీ చేరుతుంది. అక్కడికి అవకాశంలో సగం ఖర్చయిపోయినట్టే.

తిరిగొచ్చాక మా వీధి కుర్రాణ్ణి అడిగాను.

"ఏటి సూసినావురా?"

"డేరా పైకప్పు సూసినాను మావా."

"మరి ఇమానాలో?"

"ఇన్నాను."

నిజమే మరి. గ్రిల్లు డేరా కింద ఉంటుంది, విమానం డేరా మీద ఉంటుంది. సూర్యకిరణ్ జట్టు తొమ్మిది విమానాలతో ఆకాశంలో బొమ్మలు గీస్తుంటే, క్యూలో ఉన్న జనమంతా ఫోన్లు పైకెత్తి బయటికి పరుగెడతారు. అప్పుడే బయటికెళ్లి చూడొచ్చు కదా అంటారేమో. కుదరదు. జనం వెనక్కి వచ్చేసరికి నలభై సీకులు సిద్ధంగా ఉండాలి. లక్షల మంది తలెత్తి చూసిన చోట, తల దించుకుని నిలబడాల్సినవాడు ఒకడే. వాడికే విమానాలు చూపిస్తామని చెప్పి తీసుకెళ్లారు.

ఇక సీకు మీదికి ఏమొచ్చిందో చూడండి. 2025 ప్రదర్శన కోసం బెంగళూరు మహానగర పాలిక జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా, యలహంక స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం దుకాణాలు మూయించింది. హోటళ్లలో మాంసాహారం వడ్డించకూడదంది. 2023లో ఇదే వలయం 10 కిలోమీటర్లు. కారణం సబబైందే. మాంసం వ్యర్థాలకి గద్దలు చేరతాయి, గద్ద తగిలితే విమానం కూలొచ్చు. కాబట్టి పుట్టిన దగ్గర్నుంచీ కొబ్బరి డొక్కల నిప్పు మీద కవళ్ల చేపలు కాల్చుకు తిన్న తీరప్రాంతపు కుర్రాడి చేతికి పనీరు దిమ్మ ఇచ్చారు.

పనీరు కాల్చడం తేలికనుకునేవాళ్లు ఒకసారి నిలబడి చూడాలి. పెరుగు, కశ్మీరీ కారం, ఆవనూనె, కసూరి మేథీ కలిపి పట్టించిన ముక్కని సీకుకి గుచ్చేటప్పుడే సగం విరిగిపోతుంది. మధ్యలో క్యాప్సికమ్, ఉల్లిపాయ. మూడు వైపులా గోధుమరంగు చారలు పడాలి, నాలుగో వైపు నల్లబడకూడదు. పది క్షణాలు తొందరపడితే పచ్చివాసన, పది క్షణాలు ఆలస్యమైతే రబ్బరు. ఎదురుగా మంట, వెనకాల సూపర్‌వైజరు, పైన చెవులు చిల్లులు పడే రఫేల్. ఇదంతా నైపుణ్యమే. నైపుణ్యానికి తగ్గ కూలి ఇవ్వమంటేనే అది "హెల్పర్ పని" అయిపోతుంది. ప్రకటనలో రాసుకునేటప్పుడు మళ్లీ నైపుణ్యం.

ఇంకో లెక్క ఎవరూ వెయ్యరు. ప్రదర్శన ఐదు రోజులు, మాంసం మీద నిషేధం ఇరవై ఆరు రోజులు. ఆ వలయంలో కబాబు కాల్చేవాడు, కోడి కొట్టేవాడు, సాయంత్రం బిర్యానీ బండి పెట్టేవాడు, ఆ బండి దగ్గర గిన్నెలు తోమే ఆమె, అందరూ ఖాళీ. సబబైన కారణానికే ఖాళీ, కాదనను. కానీ ప్రదర్శన కల్పించిన ఉపాధిలోంచి ప్రదర్శన ఆపించిన ఉపాధిని తీసివేసే లెక్కల మాస్టారు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. మనకి కూడికలే వచ్చు.

ఆ కూడికల్లోనే మా కుర్రాడు నాలుగైదు సార్లు ఉన్నాడన్నాను. స్టాలు పెట్టినవాడు "మా స్టాల్లో ఇంతమంది" అని రాసుకుంటాడు. వాడికి వంట చేసిపెట్టే క్యాటరర్ తన లెక్కలో రాసుకుంటాడు. క్యాటరర్‌కి మనుషుల్ని సప్లై చేసేవాడు తన లెక్కలో రాసుకుంటాడు. టెక్కలి ఏజెంటు "మన జిల్లా కుర్రాళ్లకి ప్లేస్‌మెంట్ ఇప్పించాం" అని స్టేటస్ పెడతాడు. నాలుగు చోట్ల నాలుగు ఉద్యోగాలు, నిలబడింది రెండు కాళ్లు. అంకె కింది నుంచి పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. కూలి మాత్రం పై నుంచి కిందికి వచ్చేకొద్దీ తరుగుతుంది. ఒకరు కమీషన్, ఒకరు రైలు ఖర్చు, ఒకరు పడక ఖర్చు కోసుకుంటారు. పడక ఫ్రీ అన్నారు కదా అంటే, పడక ఫ్రీయే, దుప్పటికే డబ్బులంటారు.

ఇదే కుర్రాడు ఊళ్లో చెరువు మట్టి తీస్తే ఏమయ్యేది? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద మస్టర్‌లో పేరు రాశారు, గుంత కొలిచారు, డబ్బులు ఖాతాలో వేశారు. ఆలస్యాలూ అవకతవకలూ ఎన్ని ఉన్నా, ఏడాదికి వంద రోజులు అని ఆ చట్టంలో ఒక మాట ఉండేది. వంద రోజులు హామీ ఇచ్చిన ఆ మట్టిపనిని ఉద్యోగం అని ఏ మంత్రీ అనలేదు. ఐదు రోజుల పనీరు పని మాత్రం, నెత్తి మీద విమానం ఎగిరింది కాబట్టి, "విమానయాన రంగంలో ఉపాధి" అయిపోయింది. ఆ లెక్కన పోర్టు గేటు దగ్గర బజ్జీలు వేసే ఆమె నౌకాయాన రంగ నిపుణురాలు.

అసలు నిప్పు దగ్గర పని నేర్పడానికి పలాస వాళ్లని బెంగళూరు తీసుకెళ్లడం కన్నా విడ్డూరం ఉందా? పలాస బతుకంతా కాల్చడం మీదే నిలబడింది. వందల జీడి ఫ్యాక్టరీలున్న ఊరది. జీడిపిక్క కాలిస్తే గుల్లలోంచి చమురు చిమ్ముతుంది, తగిలిన చోట చర్మం ఊడుతుంది. ఇప్పుడు చాలా చోట్ల ఆవిరి బాయిలర్లు వచ్చాయి గానీ, గుల్ల కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల వేళ్ల కొసలు నల్లగానే ఉంటాయి. వేలిముద్రలు చెరిగిపోయి, యంత్రం ముందు వేలు మళ్లీ మళ్లీ తుడుచుకుని పెడతారు. పప్పు విరక్కుండా గుండుగా వస్తే ఒక ధర, బద్దయితే ఒక ధర, ముక్కయితే ఇంకో ధర. పౌనుకి 180 తూగే పెద్ద గింజ ఏదో, 320 తూగేది ఏదో కళ్లతో చూసి చెప్పేస్తారు. ఈ నైపుణ్యానికి మా దగ్గర ఏ ప్రదర్శనా లేదు, నినాదమూ లేదు. మలై పనీరుకి పట్టించే జీడిపప్పు ముద్దలో మాత్రం మా ఊరి ముక్క ఉండే ఉంటుంది. పలాస నుంచి ఆ డేరా దాకా కుర్రాడూ వెళ్లాడు, పప్పూ వెళ్లింది. బేరమాడి కొన్నది పప్పునే.

ఇప్పుడు ఆ ఆకాశం మా ఇంటికే వస్తానంటోంది. కేంద్ర పౌర విమానయాన శాఖ మా శ్రీకాకుళం ఎంపీ చేతిలో ఉంది. ఆయన ఊరు నిమ్మాడ, టెక్కలి పక్కనే. మనోడు కేంద్ర మంత్రి అయ్యాడని సంతోషించని ఇల్లు ఇక్కడ తక్కువ. ఆ సంతోషం మీద మందస, వజ్రపుకొత్తూరు మండలాల వైపు కార్గో విమానాశ్రయం అనే ప్రతిపాదన దిగింది. భూములిచ్చేది లేదని అక్కడి రైతులు రోడ్డెక్కారు. వాళ్లకి చెప్పే సమాధానంలో మొదటి మాట మళ్లీ అదే: మీ పిల్లలకి ఉద్యోగాలు. రెండో మాట ఇంకా బాగుంటుంది: మీ జీడిపప్పు విమానంలో ఎగురుతుంది.

జీడిపప్పుకి విమానం ఎందుకండీ? అదేం మల్లెపువ్వా, సాయంత్రానికి వాడిపోవడానికి? డబ్బాలో గాలి తీసి మూతేస్తే నెలల తరబడి ఉంటుంది. పలాసలో పాడయ్యేది పప్పు కాదు, ధర. ఎనభై కిలోల పిక్కల బస్తాకి గిట్టుబాటు ధర ఇవ్వమని రైతులు అడుగుతూనే ఉంటారు. ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో పిక్కలు దిగుతూనే ఉంటాయి. ఈ తగవు తీర్చడానికి రన్‌వే ఎంత పొడుగుండాలో ఇంజినీర్లే చెప్పాలి. ఇక కొబ్బరికాయ. దాన్ని లారీలో వేస్తేనే కిరాయి గిట్టడం లేదని మొత్తుకుంటుంటే విమానం ఎక్కిస్తారట. సరుకు దూరం పంపాలంటే సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు పని 2023లోనే మొదలుపెట్టారు. గాలి మోటారే కావాలంటే భోగాపురం విమానాశ్రయం ఉండనే ఉంది. వీటి తర్వాత ఇంకా ఎగరాల్సిన సరుకు ఏదైనా మిగిలితే, అది హామీ ఒక్కటే.

ఆ నేల సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఒక్క పూటలో ఉద్దానం జీడిచెట్లనీ, కొబ్బరిచెట్లనీ కూకటివేళ్లతో పెకలించింది. కొబ్బరి మొక్క నాటి కాయ చూడాలంటే ఆరేడేళ్లు. అప్పుడు నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. సరిగ్గా కాయ తెంపే వేళకి సర్వే కర్రలు వచ్చాయి. గాలివాన పీకిన చెట్టుకి పరిహారం అడిగి అలిసిపోయినవాణ్ణి, ఈసారి చెట్టు నిలబడి ఉండగానే పరిహారం గురించి మాట్లాడదాం రమ్మంటున్నారు.

యలహంక నిబంధన కూడా రన్‌వేతో పాటే వస్తుందని ఎవరూ చెప్పడం లేదు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోయకూడదు, పక్షులు చేరేలా చెత్త పడేయకూడదని 1937 నాటి విమాన నియమాల్లో 91వది చెబుతుంది. మా తీరంలో ఇసుక మీద ఎండుచేపలు ఆరబెడతారు. వాటి వాసన ఏ కాకీ, ఏ గద్దా కాదనలేదు. రేపు ఆ పరిమళం విమానానికి ప్రమాదమా కాదా అని తేల్చేది చేపలు ఎండబెట్టే ఆమె అయితే కాదు. ఇక టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఏటా శీతాకాలం ముందు గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. మా వాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు. టిక్కెట్టు లేదు, పాసు లేదు, డేరా అడ్డం లేదు. వరస తప్పకుండా ఎగురుతాయి, వరస తప్పకుండా దిగుతాయి. మంత్రులెవరూ ప్రారంభించకుండానే తరతరాలుగా నడుస్తున్న వైమానిక ప్రదర్శన అది. కార్గో విమానం పైలట్ వాటిని చూసి చప్పట్లు కొడతాడని మాత్రం నేననుకోను.

విమానాలు వద్దని నేననడం లేదు. నిప్పు దగ్గర నిలబడి సంపాదించడం చిన్నతనం అని అసలే అనడం లేదు. ఉద్దానం నుంచి చెన్నై, హైదరాబాద్, గల్ఫ్ వెళ్లి కష్టపడుతున్న వాళ్లందరి డబ్బుతోనే మా ఊళ్లలో స్లాబులు పడ్డాయి. అడిగేదొక్కటే. రేపటి నుంచి ఎవరైనా మైకు పట్టుకుని "ఉద్యోగాలు" అనగానే గ్రామసభలో నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. ఎన్ని రోజులు? రోజుకెంత, మధ్యలో ఎన్ని చేతులు? ఏ మస్టర్‌లో పేరు? చెయ్యి కాలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? జవాబు కాగితం మీద, సంతకంతో ఉండాలి.

అలా రాసివ్వడం కుదరదంటారా, సరే. మీ అంకెలనే ఒప్పుకుంటాం. ఒక్క కుర్రాణ్ణి నాలుగు లెక్కల్లో నాలుగు ఉద్యోగాలుగా రాసుకున్నారు కదా. ఆ నాలుగు కూలీలూ వాడి ఖాతాలో వేయించండి.