ప్లే డే అన్న

సింగరేణిలో వారపు సెలవుకు 'ప్లే డే' అని పేరు. పేరుకు ఆటల రోజే గానీ, ఆ రోజు మస్టర్ పడితే రెండింతల జీతం. అందుకని ప్లే డే నాడు ఆడుకునేవాళ్లకంటే డ్యూటీ దొరుకుతుందా అని చూసేవాళ్లే ఎక్కువ. ఆటల రోజన్న ఆ పేరును ఉన్నదున్నట్టు నమ్మిన మనిషి గోదావరిఖనిలో కాలనీకి ఒక్కడుంటాడు. గాంధీనగర్‌లో ఉంటాడు, పవర్‌హౌస్ కాలనీలో ఉంటాడు. యైటింక్లైన్ కాలనీలో ఇద్దరుంటారు, వాళ్లకు మాటల్లేవు. అసలు పేర్లేవైనా అందరూ పిలిచేది ఒక్కటే: టోర్నమెంట్ అన్న.

మెడలో విజిల్, చంకలో పరీక్ష అట్ట, జేబులో రసీదు బుక్కు. ఆయన బ్యాటు పట్టగా చూసినవాళ్లు లేరు. ఆడడు, ఆడిస్తాడు. ఎందుకన్నా అంటే, "ఓవర్‌మన్ బొగ్గు తవ్వుతడా తమ్మీ?" అంటాడు.

కంపెనీకి డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అని ఆటల సంఘముంది, ఊళ్లో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియముంది. అన్నకు మాత్రం క్వార్టర్ల మధ్య రోడ్డే కావాలి. "స్టేడియంల ఆడితే వచ్చినోడే చూస్తడు. రోడ్డు మీద ఆడితే రానోడు గూడ ఆగాలె గద!" హైదరాబాద్‌లో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లాపి 'సండే ఫండే' పెట్టారని పేపర్లో చదివి పెదవి విరిచాడు. అంతమంది పోలీసులెందుకట, రెండు ప్లాస్టిక్ కుర్చీలు అడ్డమేస్తే సరిపోయేదానికి.

ఆయన మ్యాచ్‌లకు క్రికెట్ రూల్సు కొన్నే, మిగతావన్నీ సింగరేణి రూల్సు. రానివాడికి నాగా పడుతుంది. మూడు నాగాలకు చార్జిషీటు. బదులుగా వచ్చినవాడు బదిలీ వర్కర్, వాడికి బ్యాటింగ్ రాదు, బంతి మోరీలో పడితే తీసే డ్యూటీ మాత్రం వస్తుంది. రెండో షిఫ్టువాడికి టైమైతే, క్రీజులో ఉన్నా సరే, బ్యాటుతోపాటు తన స్కోరు కూడా రిలీవర్‌కు అప్పజెప్పి టిఫిన్ డబ్బా పట్టుకుని బండెక్కుతాడు. కాలు బెణికినవాడు మెడికల్ అన్‌ఫిట్. వాడి ఓవర్లు వారసుడికి పోతాయి. పోయినేడు ఒకాయనకు ఇద్దరు కొడుకులు తేలారు. పెద్దవాడు 'నాకభ్యంతరం లేదు' అని కాగితం మీద సంతకం పెట్టేదాకా మ్యాచ్ ముందుకు సాగలేదు. వారసుడు తొలి బంతికే బౌల్డయ్యాడు, అది వేరే సంగతి.

చందా దగ్గర అన్న లెక్కలు పక్కా. 2024లో లాభాల్లో 33 శాతం వాటా అని ప్రకటన రాగానే, సాయంత్రానికి కొత్త రసీదు బుక్కుతో గుమ్మంలో నిలబడ్డాడు. సగటున మనిషికి లక్షా తొంభై వేలట. "వంద అడిగితే నీకే నామోషి కాకా" అని ఐదొందలు రాశాడు. కాకా రిటైరై దిగిపోయి నాలుగేండ్లయిందని రసీదు చింపాక తెలిసింది.

ముఖ్య అతిథుల వ్యవహారం ఇంకా జటిలం. 1998 నుంచి ఇక్కడ గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగుతో ఎన్నికలు. ఎన్నికల రోజుల్లో నాయకులకు ఆటలంటే ప్రేమ పొంగుతుంది. ఒకరుంటే ఇంకొకరు రారు. 2023 డిసెంబర్ ఎన్నికలప్పుడు అన్న ఒకే ఫైనల్‌ను మూడు సాయంత్రాలు ఆడించి, ముగ్గురు నాయకుల చేత ఒకే కప్పు ఇప్పించాడు. మొదటిరోజు ఓడిన జట్టే మూడోరోజు గెలిచింది. అందుకు వాళ్లిప్పటికీ ఆయనకు ఛాయ్ తాగిస్తారు.

ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు దడదడలాడడం ఈ బెల్టులో కొత్త కాదు. అన్నకు అది దేవుడిచ్చిన వరం. బంతికి అద్దం పగిలినప్పుడల్లా నెపం బ్లాస్టింగ్ మీదికి పోతుంది. ఒక పెద్దమ్మ మాత్రం వదల్లేదు.

"బ్లాస్టింగ్‌కు పలిగితే ఇంట్లకు బాలెట్ల వచ్చింది కొడుకా?"

"అదురుకు ఎగిరి పడ్డట్టుంది పెద్దమ్మా."

పెద్దమ్మ బాలివ్వలేదు. పప్పు రుబ్బే రోలు కింద ఎత్తు చాలకపోతే పెట్టుకుందంటారు. నాకు నమ్మకం లేదు గానీ మాట బాగుంది.

మొన్న సంక్రాంతికి అన్నకు పాత ఆటల మీద మనసు పోయింది. పిల్లలకు చిర్రగోనె నేర్పించాలని చాటింపేశాడు. పిల్లలు ముగ్గురొచ్చారు, ఫోన్లతో. దిగిపోయిన తాతలు ముప్పైమంది వచ్చారు. టింబర్‌మన్‌గా చేసిన తాతొకాయన వేపకొమ్మను గొడ్డలితో నాలుగు దెబ్బల్లో చిర్రగా చెక్కాడు. మోకాళ్ల నొప్పులని మొత్తుకునేవాళ్లు డ్రైనేజీ దూకి చిర్ర పట్టారు. కొలతల దగ్గర కొట్లాట. దూరం కొలిచిన గోనె పొట్టిదని ఒకరు, కొలిచినవాడే పొట్టివాడని ఇంకొకరు. చీకటి పడుతుంటే ఇంటి ఆడవాళ్లు వచ్చి పిలిచినా ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు టింబర్‌మన్ తాత గోనె తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "ఏండ్లకేండ్లు ఆడిస్తున్నవు, ఒక్కసారి కొట్టు బిడ్డా."

అన్న అట్ట కింద పెట్టాడు. మొదటిసారి గోనె గాలిని కొట్టింది. రెండోసారీ గాలినే. మూడోసారి గోనె చేతిలోంచి జారి పెద్దమ్మ వాళ్ల కొత్త అద్దం వైపు పోయింది.

అన్న గట్టిగా విజిలేశాడు. "బ్లాస్టింగ్ టైమయింది, అందరు పక్కకు జరగాలె!"

రాత్రి ఏడున్నర.