గోడౌన్, బాండికూట్: సటీకా తాత్పర్యము

మూలము: "గోడౌన్ టు లెట్. నో బాండికూట్స్."

అవతారిక: సికింద్రాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు చుట్టుపక్కల ఏ షట్టరు మీదనైనా ఉండదగిన శాసనంగా దీన్ని భావించి వ్యాఖ్యకు పూనుకోవడమైనది.

ప్రతిపదార్థము: గోడౌన్ = ఉల్లిగడ్డ బస్తాలు దాచునట్టి కొట్టు; టు లెట్ = అద్దెకు గలదు; బాండికూట్స్ = ఆ బస్తాలను అద్దె కట్టకయే అనుభవించునవి; నో = లేవని ఓనరుగారి విశ్వాసము.

వ్యుత్పత్తి: 'గో', 'డౌన్' అని పదాలు విరిచి, ధర దిగే చోటని కొందరంటారు. పొసగదు. ధర ఎక్కేదాకా దాచడానికే గదా గోడౌన్! ఇంగ్లీషుకు ఈ మాటను ఇచ్చింది మలయ భాష. ఆ మలయ పదానికి మన గిడ్డంగే మూలం కావచ్చునని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ పండితుల ఊహ. బాండికూట్‌కు ఇంత తిరుగుడు లేదు, అచ్చమైన పందికొక్కు. 1806 నుంచి సికింద్రాబాదులో దండు దింపుకున్నా దొరల నాలుకకు మన దకారం పట్టుబడలేదు, డకారమైంది. కనుక పందికొక్కు ప్రకృతి, బాండికూట్ వికృతి.

ప్రయోగ భేదము: గోడౌన్ ఇండియా, సింగపూరు, హాంకాంగుల వంటి చోట్లే ఆగింది; లండన్‌లో వేర్‌హౌస్ అంటేనే తెలుస్తుంది. ఇక్కడ సర్కారువారు గిడ్డంగుల సంస్థ అని బోర్డు పెట్టినా డీసీఎం డ్రైవరు గోడౌన్ ఎక్కడనే అడుగుతాడు. బాండికూట్ అలా కాదు, గట్టిది. ఆస్ట్రేలియా చేరి, మన కొక్కుతో ఏ చుట్టరికమూ లేని, పొట్టకు సంచి ఉన్న జంతువుకు పేరైంది. అక్కడ క్రియ కూడా అయింది: పైన మొక్క కదలకుండా కింద ఆలుగడ్డ తవ్వి దొంగిలించుట అని అర్థం. (ఈ క్రియ మన మార్కెట్టుకు అత్యవసరమని వ్యాఖ్యాత అభిప్రాయం.) 1996లో వీడియో గేములో హీరో వేషం కట్టింది. కేరళలో మ్యాన్‌హోలు శుభ్రం చేసే రోబోకూ ఇదే పేరు. కన్నవాళ్లం మనం మాత్రం తిండిపోతులను తిట్టడానికి వాడుకుంటున్నాం.

తాత్పర్యము: కొట్టు ఖాళీగా ఉంది, కొక్కులు లేవు. ఈ మార్కెట్టులో కుళ్లిన కూరగాయల నుంచి కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. చెత్తకు అలా లెక్క కుదిరింది. కొక్కు తిన్నది మాత్రం ఇంకా తరుగు కిందే పోతోంది. కాబట్టి మూలంలో మొదటి వాక్యాన్ని నమ్మండి. రెండోదాన్ని రాత్రిపూట టార్చి వేసి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.